ఇంటి దగ్గరే ట్రాక్టర్‌ను రెండుగా విడదీసి గేర్‌బాక్స్ బాగుచేసుకున్నాం: నా అనుభవం

జనవరి నెలాఖరులో రోటవేటర్ వేసి దున్నుతుండగా రెండో గేరు దానంతట అదే న్యూట్రల్‌లోకి వచ్చేసింది. లివర్ సరిగ్గా పడలేదేమో అనుకుని మళ్లీ వేశాను. నాలుగు గజాలు పోయిందో లేదో మళ్లీ అదే. ఖాళీగా నడిపితే ఏ ఇబ్బందీ లేదు, లోడు పడగానే గేరు తన్నేస్తోంది. పని అక్కడే ఆపి బండిని షెడ్డుకు తెచ్చేశాను.

షెడ్డులో ఇంజిను నడుస్తుండగా న్యూట్రల్‌లో పెట్టి విన్నాను. కింద నుంచి సన్నగా, గరగరమంటూ ఒక చప్పుడు. క్లచ్ పెడల్ తొక్కితే ఆగిపోతోంది, వదిలితే మళ్లీ వస్తోంది. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే చప్పుడు వస్తే క్లచ్ రిలీజ్ బేరింగును అనుమానించాలి. తొక్కితే ఆగుతోందంటే గేర్‌బాక్స్‌లో ఎప్పుడూ తిరుగుతుండే షాఫ్టుల బేరింగులను అనుమానించాలి. మాది రెండో రకం. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కొంచెం దించి డ్రెయిన్ ప్లగ్గుకున్న అయస్కాంతం చూశాను. దానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉండటం మామూలే, పళ్లు అరిగినప్పుడు వచ్చే సన్నటి పొడి అది. కానీ ఈసారి ఆ ముద్దలో వేలికి గుచ్చుకునే పలుచటి రేకులు తగిలాయి. ఫిల్టర్‌ను విప్పి, కోసి చూస్తే మడతల్లోనూ అవే మెరుస్తున్నాయి. బేరింగ్ పై పొర పెచ్చులు ఊడుతోందని అప్పుడే అర్థమైంది. ఇంకా నడిపితే ఆ రేకులే హైడ్రాలిక్ పంపులోకి వెళ్తాయి, ఎందుకంటే మా బండిలో గేర్లకూ లిఫ్టుకూ ఒకటే ఆయిల్.

వర్క్‌షాపులో అడిగితే నెలన్నర దాకా ఖాళీ లేదన్నారు. బండిని అక్కడికి మోయించే ఖర్చు అదనం. తమ్ముడూ నేనూ కూర్చుని ఆలోచించుకున్నాం. సిమెంటు నేల ఉంది, పైన కప్పు ఉంది, బండి పొడవుకు రెండింతల జాగా ఉంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఇంటి దగ్గర ఈ పని పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. మట్టి నేల మీద జాకీ ఒక పక్కకు దిగబడితే చాలు, ఐదారు వందల కిలోల ఇనుము మీదకు వస్తుంది. మాకు బాగా తెలిసిన పాత మెకానిక్ ఒకరు ఉన్నారు, మేస్త్రీ గారని పిలుస్తాం. ఇప్పుడు పని మానేశారు కానీ, విడదీసే రోజూ కలిపే రోజూ వచ్చి నిలబడతానని మాట ఇచ్చారు. ఆయన ఉన్నారనే ధైర్యంతోనే మొదలుపెట్టాం.

మొదట చేసింది మా మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్, పార్ట్స్ బొమ్మల పుస్తకం సంపాదించడం. వారం రోజులు చదివాను. ఎక్కడ విడదీయాలన్నది ముందే తేల్చుకోవాలి. క్లచ్ పని అయితే ఇంజినుకూ క్లచ్ హౌసింగుకూ (క్లచ్ చుట్టూ ఉండే ఇనుప పెట్టె) మధ్య విడదీస్తారు. మాకు గేర్ల షాఫ్టులు ముందు వైపు నుంచి బయటికి రావాలి కాబట్టి క్లచ్ హౌసింగుకూ గేర్‌బాక్సుకూ మధ్య విడదీయాలి. అంటే ఇంజిను, క్లచ్ ముందు సగంతో పోతాయి, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ వెనక సగంతో ఉంటాయి. ఈ తేడా తెలియకుండా పానా పట్టుకుంటే రెండు చోట్లా విప్పాల్సి వస్తుంది.

ఫిబ్రవరి రెండో వారంలో విప్పడం మొదలైంది. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీశాం. లిఫ్టు చేతులు పూర్తిగా కిందికి దించి హైడ్రాలిక్ ప్రెషర్ వదిలేశాం. తర్వాత ఆయిల్ మొత్తం దించాం. ఇరవై లీటర్లు దాటి వచ్చింది, ఒక్క డ్రెయిన్ ప్లగ్గు నుంచి కాదు, గేర్‌బాక్స్ కింద ఒకటి, వెనక ఒకటి, ముందు యాక్సిల్ వైపు వెళ్లే గేర్ల కవర్ కింద ఇంకొకటి. పెద్ద డబ్బాలు ముందే సిద్ధంగా పెట్టుకోవాలి.

విడదీయడం గురించి ఎవరు చెప్పినా ఆ రెండు సగాలు దూరం జరిగే ఘట్టమే చెబుతారు. నిజానికి దానికి పట్టేది గంటో, గంటన్నరో. అసలు పని అంతా దానికి ముందే ఉంటుంది. ఫుట్‌బోర్డులు, స్టీరింగ్ గొట్టాలు, పంపు నుంచి లిఫ్టుకు వెళ్లే పైపులు, డీజిల్ గొట్టాలు, క్లచ్ రాడ్, బ్రేకు రాడ్లు, యాక్సిలరేటర్ రాడ్, వైరింగ్, కింద ఫోర్ వీల్ డ్రైవ్ షాఫ్టు: ముందు సగం నుంచి వెనక సగానికి వెళ్లే ప్రతిదీ ఊడాలి. ఫుట్‌బోర్డుల కింద బురద పట్టి తుప్పెక్కిన బోల్టులే మా మొదటి రోజంతా తినేశాయి. ముందు రాత్రి తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నానబెట్టినవి మర్నాడు వచ్చాయి. నానబెట్టకుండా తిప్పిన వాటిలో రెండింటి తలలు తెగాయి. మాకు ముందు లోడర్ లేదు. ఉన్నవాళ్లు దాన్నీ తీయాలి, దాని పక్క ఫ్రేములు రెండు సగాలనూ కలిపి పట్టుకుని ఉంటాయి.

ఊడదీసిన ప్రతి గొట్టం మూతికీ ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు వేశాం. ప్రతి వైరు కనెక్టరుకూ రెండు వైపులా ఒకే అంకె రాసిన టేపు అంటించాం. తమ్ముడు ప్రతి దశలో ఫోన్లో ఫొటోలు తీశాడు. ఏప్రిల్‌లో తిరిగి బిగించేటప్పుడు ఆ ఫొటోలే దిక్కయ్యాయి. ముఖ్యంగా పైపుల్లో ఏది పైనుంచి పోతుంది, ఏది కింద నుంచి పోతుంది అన్నది రెండు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

హౌసింగ్ బోల్టుల పొడవులు ఒక్కటి కాదు. ఒక అట్టముక్క మీద హౌసింగ్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడ నుంచి తీశామో అక్కడే గుచ్చి పెట్టుకున్నాం. పొడవు బోల్టు పొట్టి బోల్టు చోట పడితే, లోపల కన్నం అడుగు తగిలి బిగిసినట్టే అనిపిస్తుంది కానీ హౌసింగ్ మాత్రం వదులుగానే ఉండిపోతుంది.

నాకు ఎక్కువ భయం వేసింది బరువుకు ఆధారాలు పెట్టే దగ్గర. ట్రాక్టర్ ముందు యాక్సిల్ మధ్యలో ఒక్క పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా ఉంటుంది. బండి కలిసి ఉన్నంతకాలం అది గొప్ప సౌకర్యం. విడదీసిన క్షణం నుంచి ఇంజినుతో ఉన్న ముందు సగం పక్కకు పడిపోవడానికి అదే కారణమవుతుంది. అందుకే యాక్సిల్‌కూ పైనున్న ఫ్రేముకూ మధ్య రెండు వైపులా గట్టి చెక్క ముక్కలు కొట్టి ఊగకుండా బిగించాలి. మేస్త్రీ గారు వచ్చీ రాగానే చూసింది అదే. ఒక వైపు చెక్కను కాలితో తన్ని చూసి, "ఇంకొంచెం మందంది పెట్టు బాబూ, ఇది కదులుతోంది" అన్నారు. మార్చాం.

వెనక సగాన్ని కదల్చకుండా, ముందు సగాన్ని దాని చక్రాల మీదే ముందుకు జరపాలనుకున్నాం. వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మెలు, గేర్‌బాక్స్ ముందు భాగం కింద ఒక స్టాండు, వెనక డ్రాబార్ కింద ఇంకొకటి. ముందు సగం విడిపోయాక వెనక సగం రెండు చక్రాల మీదే మిగులుతుంది, అది ఎటు వాలుతుందో నమ్మకం లేదు, కాబట్టి రెండు వైపులా ఆధారం ఉండాలి. క్లచ్ హౌసింగ్ కింద ట్రాలీ జాకీ. దాని చక్రాలు దారి తప్పకుండా నేల మీద రెండు ఇనుప ఛానళ్లు తిరగేసి పరిచాం. ముందు చక్రాలు నిటారుగా ఉండేలా స్టీరింగ్ లింకును కట్టేశాం.

పైన రెండు బోల్టుల చోట గైడ్ రాడ్లు పెట్టడం మేస్త్రీ గారి సలహా. అదే కొలత పొడుగు బోల్టులు తెచ్చి తలలు కోసి, చివర స్క్రూడ్రైవర్ పట్టేలా గాడి పెట్టాం. విడదీసేటప్పుడు హౌసింగ్ వాటి మీద నుంచే జారుతుంది, కలిపేటప్పుడు వాటి మీదకే వస్తుంది. ఈ చిన్న పని లేకపోతే మిగతాదంతా ఎలా చేసేవాళ్లమో నాకు ఊహకు కూడా అందదు.

బోల్టులన్నీ తీసినా హౌసింగ్ కదల్లేదు. పార్ట్స్ పుస్తకం మళ్లీ తెరిచి బొమ్మలో బోల్టులు లెక్కపెడితే అట్టముక్క మీద ఒకటి తక్కువ వచ్చింది. ఫోర్ వీల్ డ్రైవ్ కవర్ వెనకాల, గట్టిపడిన మట్టి కింద దాక్కుని ఉంది. అది తీశాక కూడా, రెండు సగాలనూ సరైన వరసలో నిలిపే రెండు డోవెల్ పిన్నులు తుప్పుతో పట్టేసి ఉన్నాయి. జాయింటు ముఖాల మధ్య ఉలి కొట్టకూడదు, అక్కడ గీత పడితే జీవితాంతం ఆయిల్ కారుతుంది. పోతలో ఇచ్చిన చెవుల దగ్గర గడ్డపార ఆనించి, ఒకసారి కుడి వైపు, ఒకసారి ఎడమ వైపు కొంచెం కొంచెంగా లాగాం. ఉన్నట్టుండి వదిలింది. కారడానికి ఇంకేం మిగల్లేదనుకున్న గేర్‌బాక్స్‌లోంచి రెండు లీటర్ల దాకా నల్లటి ఆయిల్ కిందకు వచ్చింది. అప్పటికే పెట్టిన ట్రేలో పడింది, ఆ ట్రేలోనే బేరింగ్ కేజ్ (గుండ్లను విడివిడిగా పట్టి ఉంచే చట్రం) విరిగిన ముక్క కూడా కనబడింది. దాన్ని చూశాక నాకు భయం పోయింది. జబ్బు ఏమిటో చేతిలోకి వచ్చేసింది కదా.

లోపల చూస్తే, కౌంటర్ షాఫ్టు (ఇంజిను బలాన్ని అందుకుని మిగతా గేర్లకు ఇచ్చే షాఫ్టు) ముందు బేరింగ్ కేజ్ విరిగి, గుండ్లు ఒక వైపుకు పోగై, బయటి రింగు గుంటలు పడి ఉంది. దాంతో షాఫ్టు ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ ఆడుతోంది. గేర్లు నిటారుగా కలవక రెండో గేరు జారే గేరు పళ్ల చివర్లు గుండ్రంగా అరిగాయి. గేరును పక్కకు జరిపే ఫోర్కు ఒక వైపు కొన పలుచబడింది. గేరు తన్నేయడానికి కారణం పళ్లు కాదు, ఫోర్కు కాదు, బేరింగ్. పళ్లూ ఫోర్కూ మార్చి బేరింగ్ వదిలేసి ఉంటే కొన్నాళ్లకే మళ్లీ ఇదే పరిస్థితి వచ్చేది.

ఫోర్కులను కదిలించే షిఫ్టర్ రాడ్లు తీసేటప్పుడు పైన ఒక గుడ్డ కప్పి తీయాలి. రాడ్డును దాని స్థానంలో నిలిపే చిన్న గుండు, దాని వెనక స్ప్రింగు ఎగిరిపడతాయి. గుడ్డ ఉండబట్టి మా గుండ్లు దాంట్లోనే దొరికాయి. రాడ్ల మధ్య ఇంటర్‌లాక్ పిన్ను చాలా చిన్నది. ఒకేసారి రెండు గేర్లు పడకుండా ఆపేది అదే, ఎక్కడుందో ఫొటో తీసుకోండి.

తర్వాత ఎదురుచూపులు. బేరింగుల విషయంలో సులువుగానే అయిపోయింది. వాటి మీద నంబరు ఉంటుంది, ఆ నంబరు ఏ ట్రాక్టర్ కంపెనీ సొంతమూ కాదు. మాది 6306, అంటే లోపల 30, బయట 72, వెడల్పు 19 మిల్లీమీటర్లు. అదే వారంలో దొరికింది. చెడినదొక్కటే కాకుండా విప్పిన షాఫ్టుల బేరింగులన్నీ, ఆయిల్ సీళ్లన్నీ మార్చేశాం. ఇంత పని మళ్లీ పెట్టుకోలేం. గేర్లు, ఫోర్కు, ప్యాకింగులు (ఆయిల్ కారకుండా జాయింట్ల మధ్య పెట్టే పలుచటి పొరలు) మాత్రం మోడల్‌కు తగ్గవే కావాలి. పది రోజుల్లో వస్తాయన్నారు, నెల దాటింది. వచ్చిన ప్యాకింగుల్లో ఒకటి పాత మోడల్‌ది. హౌసింగ్ మీద పరిచి చూస్తే ఒక కన్నం కలవలేదు. దాన్ని వెనక్కి పంపి సరైనది తెప్పించుకునేసరికి ఇంకో వారం. పార్ట్స్ చేతికి రాగానే పాతదాని పక్కన పెట్టి కొలిచి, పళ్లు లెక్కపెట్టి చూసుకోవడం మంచిది. బిగించే రోజు దాకా ఆగితే టెన్షన్ రెట్టింపు.

ఆ నెలంతా నాకు చాలా కష్టంగా గడిచింది. పొద్దున్నే షెడ్డులోకి వెళ్తే రెండు ముక్కలైన బండి. అద్దె ట్రాక్టర్‌తో పని నడుపుకున్నాం, ఆ ఖర్చును మొదట్లో నేను లెక్కలోకి తీసుకోలేదు. లోపలి భాగాలకు పలుచగా ఆయిల్ రాసి, దుమ్ము చొరకుండా రెండు సగాలకూ ప్లాస్టిక్ షీటు కట్టి ఉంచాం. ఆ ఖాళీలో శుభ్రం చేసే పని పెట్టుకున్నాం. గేర్‌బాక్స్ కేసు, వెనక డిఫరెన్షియల్ అడుగు, హైడ్రాలిక్ జల్లెడ అన్నీ డీజిల్‌తో కడిగి, పలుచటి కర్రకు కట్టిన అయస్కాంతంతో మూలమూలా తడిమాం. గేర్‌బాక్స్ అడుగున కంటే డిఫరెన్షియల్ కిందే ఎక్కువ రేకులు దొరికాయి. పాత ప్యాకింగును ప్లాస్టిక్ గీకుడు ముక్కతోనే తీశాం. గ్రైండర్‌కు రాపిడి డిస్కు తగిలించి పది నిమిషాల్లో తీసేయొచ్చని ఎవరైనా చెబితే వినకండి, ఆ గరుకు పొడి కొత్త బేరింగుల్లోకే పోతుంది.

ఏప్రిల్ మొదటి వారంలో లోపలి బిగింపు. కొత్త బేరింగును థర్మామీటరు పెట్టి నూనెలో నూరు డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేశాం, నూట ఇరవై దాటనివ్వకూడదు. షాఫ్టు రాత్రంతా ఫ్రీజరులో ఉంది. సుత్తి పని లేకుండా చేత్తో జారి కూర్చుంది. అది చూసి తమ్ముడు నమ్మలేక, "అన్నయ్యా, నిజంగా పూర్తిగా కూర్చుందా?" అని రెండుసార్లు అడిగాడు. సర్క్లిప్ (బేరింగును జరగకుండా ఆపే రింగు) గాడిలో పడిందో లేదో చూసి నిర్ధారించుకున్నాం. పాత షిమ్ములు (ఖాళీని సరిచేసే పలుచటి బిళ్లలు) ఏ వరసలో వచ్చాయో అదే వరసలో పెట్టి, షాఫ్టు ఆట (వదులుగా కదిలే మేర) మాన్యువల్ ఇచ్చిన హద్దులో ఉందని కొలిచాం. తర్వాత ఒక్కో గేరూ వేసి షాఫ్టును చేత్తో తిప్పాం. కలపడానికి ముందే ఈ పరీక్ష చేయాలి, కలిపాక తప్పు దొరికితే మళ్లీ మొదటికే వస్తాం.

కలిపే రోజు మేస్త్రీ గారు పొద్దున్నే వచ్చారు. ముఖాలు రెండూ పొడిగా తుడిచి, ప్యాకింగు పెట్టి, గైడ్ రాడ్ల మీదకు ముందు సగాన్ని తెచ్చాం. సాఫీగా వచ్చి, ఒక వేలు మందం ఖాళీ ఉండగా ఆగిపోయింది. తమ్ముడు బోల్టులు వేసి బిగిద్దామన్నాడు. నాకూ అదే అనిపించింది. మేస్త్రీ గారు ఒప్పుకోలేదు. "పానా కింద పెట్టండి. లోపల స్ప్లైన్ పళ్లు ఎదురెదురుగా ఉన్నాయి. ఇప్పుడు లాగితే హౌసింగ్ చెవి విరుగుతుంది" అన్నారు. స్ప్లైన్లంటే షాఫ్టు పొడవునా ఉండే గాళ్ల పళ్లు, అవి ఒకదానిలో ఒకటి దూరితేనే రెండు సగాలూ కలుస్తాయి.

అప్పుడు ఖాళీని నాలుగు వైపులా కొలిచాం. కింద ఎక్కువ, పైన తక్కువ. అంటే ముందు సగం కొంచెం తలెత్తి ఉంది. జాకీని పిసరంత కదిలించి మళ్లీ కొలిచాం. నాలుగు వైపులా ఒకటే కొలత వచ్చేదాకా అదే పని. అప్పుడు నేను ఇంజిను ముందు పుల్లీ నట్టుకు పానా వేసి మెల్లగా తిప్పుతుంటే, తమ్ముడు వెనక పీటీవో షాఫ్టును (రోటవేటర్ లాంటి వాటిని తిప్పేది) చేత్తో అటూ ఇటూ ఆడించాడు. మా బండిలో పీటీవోకు విడిగా ఒక షాఫ్టు వెళ్తుంది, ఒకటి కలిస్తే ఇంకొకటి అడ్డం పడుతోంది. మధ్యాహ్నం దాటిపోయింది, ఎవరికీ మాటల్లేవు. ఒక తిప్పులో చిన్నగా టక్ మని, మేస్త్రీ గారు భుజంతో నెడితే హౌసింగ్ పూర్తిగా మూసుకుంది. ఒక్క బోల్టు కూడా వాడకుండా. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బోల్టులను ఎదురెదురుగా, రెండు విడతల్లో టార్క్ రెంచితో బిగించాం. 8.8 గ్రేడు ఎం12 (12 మిల్లీమీటర్ల) బోల్టుకు బిగింపు సాధారణంగా 80 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అయినా మీ మాన్యువల్లో ఉన్న అంకెనే వాడండి. సైడు కవర్లకు లిక్విడ్ ప్యాకింగు రాశాం కాబట్టి ఆయిల్ పోయడానికి మర్నాటి దాకా ఆగాం. ఎర్త్ వైరు ఒక హౌసింగ్ బోల్టు కిందే ఉంటుంది, దాని కింద తుప్పు గీకి శుభ్రం చేయకపోతే స్టార్టర్ సరిగ్గా తిరగదు.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు రకం చూసుకోవాలి. మా బండికి ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు. వాటికి సరిపోయే ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిలే వేయాలి, మామూలు గేర్ ఆయిల్ పనికిరాదు. గీత దాకా పోసి స్టార్ట్ చేసి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, లిఫ్టును పైకీ కిందికీ ఆడించాం. మొదట గాలి వల్ల కుదుపుగా లేచింది, కాసేపటికి సర్దుకుంది. ఆపి చూస్తే ఆయిల్ గీత కిందికి దిగింది, ఫిల్టరూ గొట్టాలూ నింపుకున్నాయి. మళ్లీ పోశాం. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి చెవి పెట్టి విన్నాను. ఆ గరగర లేదు. ఇంకో మాట: వెనక చక్రాలు మాత్రమే పైకెత్తి గేర్లు పరీక్షించేవాళ్లు ఫోర్ వీల్ డ్రైవ్ ఆపేశారో లేదో చూసుకోవాలి, లేకపోతే ముందు చక్రాలు లాగి బండి స్టాండ్ల మీద నుంచి దూకుతుంది.

ఖర్చు సంగతి. మొత్తంలో సగానికి పైగా గేర్లకూ ఫోర్కుకే అయింది. దాని తర్వాత ఎక్కువ పట్టింది ఆయిలుకు, ఇది నేను ఊహించలేదు. బేరింగులు, సీళ్లు, ప్యాకింగులు అన్నీ కలిపినా ఆయిలంత కాలేదు. టార్క్ రెంచి, సర్క్లిప్ ప్లయర్, పుల్లర్ కొన్నాం, స్టాండ్లు అరువు తెచ్చాం. అద్దె ట్రాక్టర్ ఖర్చు కూడా కలిపితే, వర్క్‌షాపుకు ఇచ్చేదానితో పోల్చినప్పుడు మిగిలింది కొంతే. డబ్బు కోసమే అయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నాకు మాత్రం లోపల ఏం పాడైంది, ఏం మార్చాం అన్నది నా కళ్లతో చూశానన్న నిశ్చింత దక్కింది.

ఏప్రిల్ మూడో వారం నుంచి బండి పనిలో ఉంది. మొదటి పది గంటల తర్వాత హౌసింగ్ బోల్టులు మళ్లీ చూశాం, రెండు కొంచెం తిరిగాయి. ఫిల్టర్ అప్పుడే మార్చి పాతదాన్ని కోసి చూస్తే సన్నటి పొడి తప్ప రేకులు లేవు. రెండో గేరులో రోటవేటర్ పూర్తి లోడు మీద నడుస్తోంది, లివర్ కదలడం లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ షాఫ్టు కవర్ దగ్గర మాత్రం రాత్రికి ఒకటి రెండు చుక్కలు కారుతోంది. అక్కడి ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) తెప్పించి పెట్టుకున్నాం, యాభై గంటలకు ఆయిల్ దించినప్పుడు వేస్తాం.